దానం తవ్విన సున్నపు గొయ్యి

కమిటీ ప్రెసిడెంటు ప్రకాశరావుగారి నున్నటి బూట్ల మీద చర్చి గోడ పెచ్చు ఊడిపడ్డ రోజు, రోజూ ఆ చర్చి ఊడ్చే పాపాయమ్మ అక్కడే ఉంది. చీపురు చేతిలోనే ఉన్నా ఆమె తొందరపడలేదు. కాసేపు చూడనిచ్చింది అందరినీ.

తగువు టైల్సు గురించి. అంబాజీపేట అవతల ఆ ఊళ్లో దొరలు కట్టించిన చర్చికి నూటముప్పై ఏళ్లు దాటాయి. లోపలి గోడలకు నడుమెత్తున అంటించమని మస్కట్‌లో ఉండే ఆ ఊరి కుర్రాడు హేమంత్ గులాబీ పువ్వుల టైల్సు పంపించాడు. పెట్టెలు దిగుతుంటే, దేవుడికి స్నానాలగది కడుతున్నారు కాబోలనుకుంది పాపాయమ్మ.

"వద్దండీ," అన్నాడు దానం. తరతరాలుగా సున్నం పని వాళ్లది. "ఇది గుల్లసున్నం గోడండి. చెమ్మ పీలుస్తాది, మళ్లీ వదిలేస్తాది. పైన సిమెంటేస్తే ఊపిరాడదండి."

"గోడకి ఊపిరేంటయ్యా?" అని నవ్వారు ప్రకాశరావుగారు. రిటైరైన హెడ్మాస్టరు నవ్వితే కమిటీ నవ్వాలి. నవ్వింది.

దానం వాళ్లను పాస్టరుగారి గదిలోకి తీసుకెళ్లాడు. నాలుగేళ్ల కిందట ఈ కమిటీయే ఆ గోడకు సిమెంటు పూయించింది. కర్రతో ఒక్కటి కొట్టాడు. పడింది ఆ పెచ్చే. లోపల గోడ పాలలో ముంచిన రొట్టెలా ఉంది.

"అయితే నువ్వే బాగుచెయ్యి," అన్నారు ప్రెసిడెంటుగారు బూట్లు దులుపుకుంటూ. "క్రిస్మస్‌కి అవకపోతే టైల్సే."

గెలిచినందుకు దానానికి దక్కింది చాకిరీ. చర్చి వెనక గొయ్యి తవ్వి సున్నం నానబోశాడు. మూడు నెలలు నీళ్లకిందే ఉండాలట, మధ్యలో ఎండితే చచ్చినట్టేనట. ఆ బురద కాళ్లతో చర్చిలోకి వస్తున్నాడని పాపాయమ్మ రోజూ తిట్టిపోసేది. పెళ్లాం కట్టిన చీర రంగు చెప్పలేడు గాని, కమాను కిటికీల రంగుటద్దాలు ఓడలో కాకినాడకు దిగి, అక్కణ్ణించి కాలవ పడవలో వచ్చాయని మాత్రం అడక్కుండానే చెబుతాడు. గుమ్మం పక్క రాతిమీద దొర పేరుంది. ఆ గోడలకి సున్నం తొక్కింది దానం ముత్తవ్వ; ఆవిడ పేరు ఎక్కడా లేదు.

"గొడుగు కింద నిలబడి నిలబడి దొరే ఎక్కువ అలిసిపోయుంటాడులే," అంది పాపాయమ్మ. దానం నవ్వలేదు.

నెల తిరక్కుండా ఆ గొయ్యి గట్టునే జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. గోడల ఊపిరి కనిపెట్టినవాడికి కాలికింద బురద కనబడలేదు. అంబులెన్సు ఎక్కిస్తుంటే చెయ్యి ఊపి ఆమెను పిలిచాడు.

"వదినగారండీ, రోజూ రెండు బిందెలు పొయ్యాలండి. ఎండిందంటే టైల్సు దిగిపోతాయి."

"నీ కొడుకున్నాడుగా?"

"ఆడు మర్చిపోతాడండి. మీరు నన్ను తిట్టడం ఒక్కరోజైనా మర్చిపోయేరా? ఆ గట్టుమీద నిలబడి తిట్టండి. తిట్టుకుంటా పోసెయ్యండి."