చనిపోవాల్సిన మనిషిని రైలెక్కించాను

మా నాయిన పోయిన ఏడు నేను తొమ్మిదో తరగతి. డెబ్బైల చివర అనుకుంటాను. వరంగల్ కొత్తవాడలో మాది మగ్గం ఇల్లు. శవాన్ని ఎత్తినప్పుడు అమ్మ ఏడవలేదు, పదకొండో రోజు దాటినా ఏడవలేదు. దుఃఖం లోపలే పెట్టుకుంటే మనిషి దక్కదని మేనత్త నా చెవిన వేసి ఊరెళ్లిపోయింది. ఆమెకేం, చెప్పి పోయింది. ఆ తర్వాత అమ్మ కాస్త దగ్గినా నాకు గుండె గుభేలుమనేది.

గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే పెద్దాయనకు చెప్పుకుంటే ఒక నవల తీసిచ్చాడు. భర్త పోయినా నిలదొక్కుకున్న ఇల్లాలి కథ, చదివి వినిపిస్తే మీ అమ్మకు ధైర్యం వస్తుందన్నాడు. అమ్మకు చదువు రాదు. మధ్యాహ్నాలు ఆమె రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుడుతుంటే నేను ఎదురుగా కూర్చుని చదివేదాన్ని.

నాలుగో రోజో ఐదో రోజో కథలో ఆ భర్త మంచం పట్టాడు. పేజీ అడుగున అతని ప్రాణం పోతుందని నా కళ్లకు ముందే కనబడింది. నోరు రాలేదు. నాదసలే తొందరపాటు బుద్ధి. ఆ మనిషిని మంచం మీంచి లేపి, కాజీపేటకు తీసుకుపోయి రైలెక్కించాను.

ఇక అక్కణ్నుంచి కథ నాది. అతను నెక్కొండలో దిగి ఏదో పని చూసుకున్నాడు. మెల్లగా సాసర్‌లో చాయ్ పోసుకుని ఊదుకుంటూ తాగడం మొదలుపెట్టాడు. చెవి మీద బీడీ పెట్టుకున్నాడు. ప్రతిదానికీ "జర ఆగు" అనేవాడు. అన్నీ నాయిన అలవాట్లే. పెంకుల సందుల్లోంచి పడే ఎండలో నూలు దుమ్ము తేలుతుండేది, రాట్నం జోకొడుతున్నట్టు తిరిగేది, మా ఇద్దరి మధ్యా ఆ మనిషి మసలుతున్నట్టే ఉండేది. అన్నం తిన్నాడా, జాబు రాశాడా అని అమ్మ అడిగేది. తిన్నాడనేదాన్ని, రాశాడనేదాన్ని. నాకెంత హాయిగా ఉండేదో, సిగ్గు విడిచి చెబుతున్నాను.

ఒక మధ్యాహ్నం అమ్మ రాట్నం ఆపింది.

"పదిదినాలాయె, పేజీ తిప్పుతలేవు బిడ్డా," అంది.

అక్షరం రాకపోతేనేం, మూరెడు బట్టలో తెగిన ఒక్క పోగును పట్టే కళ్లు ఆమెవి. ఆ మాత్రం తోచలేదు నాకు, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

తిడుతుందనుకున్నాను. కండె పక్కన పెట్టి నా దగ్గరికి జరిగింది.

"గిన్ని దినాలు మీ నాయిన నా ఎదురుంగనే తిరిగిండు. మంచిగనిపించింది. ఇగ సాలు, ఆయనను పోనియ్యి. సచ్చిపొయ్యే కాడ సదువు."

చదివాను. నాలుగే వాక్యాలు. మూడోది అయ్యేసరికి అమ్మ నా ఒళ్లో తల పెట్టి, పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చేలా ఏడ్చింది. అమ్మ నాకు దక్కిందని ఎంత సంతోషపడ్డానో. ఆ సంతోషంలో ఉండగానే నాకూ ఏడుపు ముంచుకొచ్చింది. నాయిన పోయాక నేనూ ఏడవలేదని అప్పుడే గుర్తొచ్చింది.