బేరంలో వదిలేసిన ముక్క

పుంగనూరులో మాది చిల్లర అంగడి. కారం ప్యాకెట్లు అమ్మేవాళ్లమే కానీ, మా ఇంట్లో ఒక్కటి కత్తిరించిన గుర్తు నాకు లేదు. మా అమ్మ మిరపకాయలు ఎండబెట్టి, తొడిమలు తీసి, మిషన్‌కు పంపి ఆడించేది. ప్యాకెట్లో ఏం కలిసిందో మనకెలా తెలుస్తుందని ఆమె అనుమానం. అమ్మేది మేమే కాబట్టి ఆ అనుమానానికి బలం ఎక్కువ.

అందుకే కుప్పంలో చదివేటప్పుడు నా గదిలో ఉండే స్నేహితుడు విండోస్‌కు బదులు వాడే ఒక రకం లినక్స్ గురించి చెబితే నాకు చప్పున ఎక్కింది. దాంట్లో ప్రోగ్రాములు తయారుగా రావు. సోర్స్ కోడ్ దిగుతుంది. దాన్ని మన కంప్యూటరే గంటల తరబడి ఆడించుకుని, అంటే కంపైల్ చేసుకుని, వాడుకోవాలి. ఏ ప్రోగ్రాములో ఏ సౌకర్యం ఉండాలో ముందే చెప్పుకోవచ్చు. అక్కర్లేని దాని పేరు ముందు ఒక మైనస్ గుర్తు పెడితే చాలు, అది లేకుండానే తయారవుతుంది.

వద్దనే హక్కు నాలాంటివాడి చేతికి ఇవ్వకూడదు. సంతలో కొత్తిమీర కట్ట కూడా తిప్పి తిప్పి చూసి, వద్దని నాలుగడుగులు నడిచి, వెనక్కి పిలిపించుకున్నాకే కొనే వంశం మాది. పాత డెస్క్‌టాప్ ముందు ఇద్దరం కూర్చున్నాం. వాడు చదివాడు, నేను బేరమాడాను.

“బ్లూటూత్?”

“ఎవురికి? మైనస్.”

“ప్రింటర్?”

“మనకు యాడుంది ప్రింటర్? మైనస్.”

“ఎంపీత్రీ ఎన్‌కోడర్. పాటను ఎంపీత్రీగా మార్చేది. ఉత్తగా వినేదానికి ఇది అక్కర్లేదు.”

“వినేదానికి అక్కర్లేనిది ఇంగ యాల? తీసెయ్.”

“నువ్వు అంగట్లో కూర్చుంటే కొనేవాళ్లు పారిపోతారురా.”

“ఇప్పుడు కొనేది మనమే కదప్పా.”

స్నేహితుడిది మదనపల్లె. ఆసుపత్రి కాంపౌండులో పెరిగాడు. వాళ్లమ్మ అక్కడ నర్సు. చీటీ పూర్తిగా చదవకుండా మందు చేతిలోకి తీసుకోకూడదని ఆమె నేర్పిన అలవాటు వాడికి కంప్యూటర్ దగ్గర కూడా పోలేదు. ఆదివారం ఉదయం చర్చికి వెళ్లే ముందు నెట్‌లోంచి కొత్త సరుకు, అంటే ప్రోగ్రాముల కొత్త రూపాల జాబితా తెప్పించి, తయారుచేసినవాళ్లు రాసిన హెచ్చరికలన్నీ చదివేవాడు. ఆ తర్వాత నా వంతు. ఏమీ మార్చకుండా, ఏం మార్చబోతోందో మాత్రం చూపించమని అడిగే ఆజ్ఞ ఒకటి ఉంది. ధర అడిగి కొనకుండా వెనక్కి రావడం లాంటిది. ఆ పనిలో నాకు పుట్టుకతో అనుభవం. రెండుసార్లు అలా అడిగి, మూడోసారి నిజంగా కానిచ్చేవాణ్ణి. వాడు కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుని చర్చికి వెళ్లేవాడు. తెర మీద తెల్లటి వరుసలు పరిగెత్తేవి, ఫ్యాను పిండి మిషన్‌లా మోగేది. నేను సంగటి కెలికేవాణ్ణి.

వాడొచ్చాక తిని, మేం చేతితో మార్చుకున్న అమరికల ఫైళ్లను, అంటే సెట్టింగులను, కొత్తవాటితో వరుసవరుసా పోల్చేవాళ్లం. మాది ఉంచాలా, కొత్తది తీసుకోవాలా అని వాదులాడుకునేవాళ్లం. ఏ ప్రోగ్రాముకూ పనికిరాక మిగిలిపోయిన ముక్కలు ఊడ్చేవాళ్లం. సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నల్ కొత్తది వస్తే, అది కొన్నాళ్లు నమ్మకంగా నడిచేదాకా పాతదాన్ని తీసేవాళ్లం కాదు. ఇప్పుడు నా ఫోను నన్ను అడగకుండానే తనను తాను మార్చుకుంటుంది. ఏం మారిందో నాకు చెప్పదు, నేనూ అడగను. అలాంటప్పుడు ఆ ఆదివారాల సంగటి వాసన గుర్తొస్తుంది.

అలాంటి ఒక ఆదివారం, అప్‌డేట్ అప్పుడే ముగిసిన వేళ, వాళ్లమ్మ మదనపల్లె నుంచి బస్సులో వచ్చింది. మరునాడు సాయంత్రం అక్కడి చర్చిలో ఆమె రిటైర్మెంటుకు కృతజ్ఞతా కూడిక. ఆమె వచ్చింది ఒక పాట కోసం.

వయసులో ఉన్నప్పుడు నర్సులంతా కలిసి రెండు స్థాయిల్లో పాడుకున్న కీర్తన అది. పై గొంతు ఆమెతోపాటు హాస్టల్లో ఉన్న ఇంకో నర్సుది, కింద గొంతు ఈమెది. ఆ స్నేహితురాలు చనిపోయింది. ఆమె పై గొంతు ఒక్కటే పాడి పెట్టిన క్యాసెట్టులోని పాటను మావాడు సెలవుల్లో కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఆ తర్వాత టేపు ఇరుక్కుని తెగిపోయింది. ఇక ఆ గొంతు ఉన్నది మా గదిలోనే. కూడికలో ఆ పాట పెట్టి, దాని పక్కన నిలబడి కింద గొంతు మళ్లీ పాడాలని ఆమె కోరిక. స్నేహితురాలు పోయాక మొదటిసారి అందరి ముందర వినడం తన వల్ల కాదని, ముందే ఒకసారి వినిపోదామని వచ్చింది.

హెడ్‌ఫోన్ పెట్టుకుని వింది. పెదాలు కదిలాయి. విన్నాక కొంగుతో ముక్కు తుడుచుకుని పెన్‌డ్రైవ్ ఇచ్చింది.

“చర్చిలో పాటల పెట్టె ముసిలిదైపోయిండాది నాయనా. పెన్‌డ్రైవులో ఎంపీత్రీ పెడితేనే పాడతాది. ఇంగేం పెట్టినా పలకదు.”

మావాడు పాటను ఎంపీత్రీగా మార్చబోయాడు. ఆ పని చేసే భాగం లేదని కంప్యూటర్ చెప్పింది. వాడు నా వైపు తిరిగాడు.

“సూడు, నీ మైనస్.”

అక్కడైనా మార్పించుకుందామని బస్టాండు దగ్గర నెట్ సెంటరుకు పరిగెత్తాను. షట్టరు దించి ఉంది. తిరిగొచ్చేసరికి వాడు మైనస్ చెరిపేసి కంపైల్ మొదలుపెట్టాడు. ఒక్క ముక్కతో పోలేదు. పొద్దున వచ్చిన కొత్త సరుకుతో పొసగడానికి దాని చుట్టాల్లాంటి ప్రోగ్రాములన్నీ మళ్లీ తయారు కావాలట. వరుసలు పరిగెత్తడం మొదలైన కాసేపటికి కరెంటు పోయింది.

ఇన్వర్టర్ ఉన్నది పైన ఉండే ఇంటి యజమానురాలికే. నేను మెట్లెక్కాను. బేరం నా పని కదా.

“అక్కా, ఒక్క వైరు. సాయంత్రం దాకా.”

“మీ పెట్టె నా ఇన్వర్టర్‌ను తాగేస్తాది. వద్దప్పా.”

“వారం రోజులు నీళ్ల బిందెలు నేనే మోస్తా.”

“మా ఇంటాయన మోస్తాండాడు.”

“సరే, దాంతోపాటు సంత సరుకులు కూడా…”

“పుంగనూరు బేరాలు నాకాడ వద్దు. దిగు.”

నా వెనకే మెట్లెక్కిన మావాడి అమ్మ యజమానురాలి ముఖంలోకి చూసింది. “ఏమ్మా, మొగం అట్ల ఉబ్బిండాది? బీపీ సూపించుకుంటాండావా?”

“యాడమ్మా, తీరికే లేదు.”

ఆమె చేతిసంచిలోంచి బీపీ మిషన్ తీసి, అడక్కుండానే యజమానురాలి చేతికి పట్టీ చుట్టింది. చూసి, పెదవి విరిచింది. “ఉప్పు తగ్గించు. రేపే పోయి డాక్టరుకు సూపించుకో. రేపంటే రేపే.” వైరు మాట ఎత్తనేలేదు. పట్టీ విప్పి మడత పెడుతుంటే యజమానురాలే నన్ను అడిగింది:

“యాడ నుంచి లాగాలప్పా ఆ వైరు?”

నేను అన్ని మెట్లూ దిగివచ్చి, బిందెల మాట వెనక్కి తీసుకోవచ్చా అని ఆలోచించాను. సిగ్గేసి ఊరుకున్నాను.

మధ్యాహ్నమంతా పైన వరండాలో ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి బీపీ పట్టీకి చేయి చాపారు. కింద తెర మీద వరుసలు నడిచాయి. మధ్యలో మావాడి అమ్మ దిగివచ్చి మా మంచం మీద కూర్చుంది.

“ఇంతసేపు ఇది ఏం చేస్తాండాది?”

“మీ పాటకు కావాల్సింది ఆడిస్తాండాది అమ్మా.”

“తయారుగా దొరకదా?”

“దొరుకుతాది. మేమే వద్దన్నాం.”

“ఎంత మిగిలింది మీకు?”

మిగిలింది ఏమీ లేదు. మావాడు గోడ వైపు తిరిగి నవ్వాడు. ఆఖరి బస్సు వేళకు కంపైల్ ముగిసింది. పాట మారడానికి ఒక్క క్షణం పట్టింది. వాడికి మరునాడు ప్రాక్టికల్స్ ఉన్నాయి, అందుకే ఆమెతో నేను బయలుదేరాను. వి.కోట దాటాక ఆమె నిద్రపోయింది, పెన్‌డ్రైవ్ ఉన్న పర్సును రెండు చేతులతో పట్టుకుని. మా ఇంటికి పోవడానికి పుంగనూరులో దిగాల్సినవాణ్ణి దిగలేదు. పాట పలుకుతుందో లేదో చూడకుండా దిగిపోవడం చేతకాలేదు.

మరునాడు చర్చిలో వెనక బెంచీ మీద కూర్చున్నాను. పెట్టె ముందు గరగరలాడింది, తర్వాత పాట వచ్చింది. ఆమె తెల్ల చీరలో దాని పక్కన నిలబడింది. మొదటి చరణంలో ఆమె గొంతు లేవలేదు. పెట్టెలోంచి ఆ పై గొంతు ఒక్కటే, పడుచుగా, తొందర లేకుండా సాగింది. రెండో చరణంలో ఈమె కింద నుంచి అందుకుంది. ఒక గొంతుకు వయసు వచ్చింది, ఇంకొకదానికి రాలేదు. అయినా ఊపిరి తీసుకునే చోట్లు ఇద్దరివీ ఒకటే.

పాట ఆగింది. ఆమె వెనక బెంచీలోకి చూసి నన్ను పిలిచింది.

“ఇంగొకసారి పెట్టు నాయనా. ఈసారి మొదటి నుంచి పాడతా.”