పడవ కొనుక్కున్న చీర

ఈరోజు సాయంత్రమంతా నేను రాసినదాన్ని నేనే కొట్టేస్తూ కూర్చున్నాను. పులికాటు ఒడ్డున ఒక పడవ యజమాని దగ్గర గుమాస్తాగా చేరి పది రోజులైంది. నెల్లూరులో పద్దులు నేర్చుకున్నవాణ్ణి, ఖాతా చూస్తే ఏం జరిగిందో ఇట్టే చెప్పగలననుకున్నాను.

పడవ ఖాతాలో తారు, తాళ్ల కింద ఒక చీర, డజను గాజులు, పసుపు కనిపించాయి. ఇంటివాళ్ల వాడకాన్ని పడవ మీద రాశారని తేల్చేసి, అన్నిటినీ ఇంటి ఖర్చులోకి మార్చాను. ఇవాళ యజమానికి చదివి వినిపిస్తుంటే ఆయన భార్య లోపలినుంచి వచ్చింది.

"ఆ చీర నేనెప్పుడు కట్టినానయ్యా? వేటకు నీళ్లలోకి దించేనాడు పూజ చేసి పడవకు పెట్టినాం."

"పడవ చీర కొనుక్కుంటుందా అక్కా?"

"ఎందుకు కొనుక్కోదు? పట్టిన చేపలో మనిషికి మాదిరే దానికీ ఒక వాటా ఉంది గదా. దాని దుడ్డుతోనే కొన్నాం."

యజమాని పుస్తకం నా వైపు జరిపాడంతే.

పడవకు చీర పెట్టే పద్దు మీకెవరికైనా బళ్లో చెప్పారా? నాకు చెప్పలేదు. నాలుగు పేజీలు తిరగరాశాక పడవ ఖాతాలో నిల్వ తేలింది. చీర, గాజులు పోను, నా నెల జీతం కంటే ఎక్కువే ఉంది.