ఎదురొచ్చిన ముఖం

తడి వల వాసన తగిలితే ఇప్పటికీ నా పిడికిలి బిగుసుకుంటుంది.

భావనపాడులో మా నాన్న వేట నుంచి ఖాళీ వలతో వస్తే, పొద్దున్న ఎదురొచ్చిన అమ్మ ముఖానిదే తప్పని ఆమెను కొట్టేవాడు. చిన్నప్పుడు నేనూ అది నమ్మి, ఆయన బయల్దేరుతుంటే అమ్మను తలుపు వెనక్కి నెట్టేదాన్ని. తొమ్మిదో తరగతిలో ఒకరోజు కావాలనే నేను ఎదురెళ్లాను. ఆరోజూ చేపలు పడలేదు. వస్తూనే నాన్న అమ్మ జుట్టు పట్టుకున్నాడు. నేను తెడ్డు ఎత్తాను.

"నీకెదురొచ్చింది నేను. నన్ను కొట్టు, సూద్దాం."

"కన్నతండ్రి మీద సెయ్యెత్తుతావేటే? ఎవలు నేర్పినారే నీకు?"

"రోజూ నువ్వే గదేటి నేర్పుతన్నావు."

నాన్న జుట్టు వదిలేశాడు. నా చెంప పగలగొట్టింది మాత్రం అమ్మ.

"తప్పయిపోనాదని సెప్పవే."

చెప్పలేదు. అమ్మ చేతికి అంత బలముందని అప్పుడే తెలిసింది. అన్నేళ్లూ దాన్ని ఎందుకు దాచుకుందా అని నాకు ఇప్పటికీ కోపమే.