నట్టపురుగు గోత్రం

జహీరాబాద్ పశువుల ల్యాబులో నాగశ్రీ, గొర్రె పేగుల్లో దొరికిన ప్రతి నట్టపురుగు వంశాన్నీ పెళ్లిసంబంధంలా విచారిస్తుంది. జారే కళ్లద్దాలు సర్దుకొని, పురుగుకు స్పిరిట్‌లో స్నానం చేయించి, డీఎన్‌ఏ బార్‌కోడ్‌తో జాతి తేల్చేదాకా మందు చీటీ రాయదు. ఆ రోజు న్యాల్‌కల్ గొర్రెలకాపరి సదాశివ ముందే పెద్ద డాక్టరు విసుక్కున్నారు. “నట్టకు గోత్రమెందుకమ్మా? జర ఎప్పటి మందే రాసియ్యి.”

“ఏ ఇంటి పురుగో తెలియకుండా రాయనండి.”

డాక్టరు తానే చీటీ రాసి, పాత మందు సీసా సదాశివకు అందించారు. అతను చేయి చాపలేదు.

“గదే మందు పోయినసారి తాపిన సార్. గొర్లు సచ్చినయ్, నట్టలు మంచిగున్నయ్. మిగిలిన గొర్లకు, దాని పేరు తెలిసినంకనే మందు. గప్పటిదాంక ఈడనే కూసుంట.”

నాగశ్రీ తన కుర్చీని అతని వైపు జరిపి, తాను నిలబడి పురుగు పరీక్ష మొదలుపెట్టింది.