బోగీ రంగు గోడ

రంగుల దాదా మొన్న పొద్దున్న మా హాల్లో నిచ్చెన వేసి, గోడ మీదున్న నిలువుటద్దానికి రెండు పక్కలా చేతులు ఆనించి, "దీదీ, దీన్ని దించాలి" అన్నాడు. వంటింట్లో పోపు వేస్తున్నదాన్ని గరిటెతో సహా పరిగెత్తుకొచ్చి "చెయ్యి తీ ముందు!" అని అరిచాను. తెలుగులోనే అరిచాను. ఖరగ్‌పూర్‌లో జుట్టు నెరిసేదాకా గోడలకు రంగులు వేసిన బెంగాలీ మనిషికి ఆమాత్రం తెలుగు రాకపోదు. పాపం, నిచ్చెన మీదే బిగుసుకుపోయాడు. మా అమ్మాయి నవ్వి, "మా అమ్మమ్మ అద్దం దాదా, అమ్మ ప్రాణం అందులో ఉంది" అంది. అసలు ఈ రంగుల గోలంతా దానిదే. ఫోనులో ఏవో బొమ్మలు చూసి, "అద్దానికి ఎదర గోడకి ముదర రంగేస్తే, ఆ రంగు అద్దంలో కనబడి గది రెండింతలవుతాదంటమ్మా" అని వారం రోజులుగా నా బుర్ర తినేస్తోంది. ఆ విద్య మా అమ్మకు ఫోను లేకుండానే తెలుసని దానికి చెప్పలేదు. దాదాకి టీ ఇచ్చి కూర్చోబెట్టాను. పోపు ఎలాగూ మాడిపోయింది.

ఈ ఇల్లు నాన్న రిటైరయ్యే ముందు సుభాష్‌పల్లిలో కట్టించింది. అంతకు ముందు మేమంతా ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో, క్వార్టర్‌లో ఉండేవాళ్లం. ఒక గది, ఒక వంటిల్లు, ముందు చిన్న వరండా. ఆ లైన్లలో అన్ని ఇళ్లూ ఒకటే కొలత, అన్ని గోడలూ ఒకటే రంగు. అది పసుపూ కాదు, తెలుపూ కాదు. రైల్వేవాళ్లు ఏళ్లకొకసారి వచ్చి సున్నంలో ఏదో కలిపి కొట్టి పోయేవారు. ఒకసారి పక్క లైనులో పెళ్లికని శ్రీకాకుళం నుంచి దిగిన చుట్టం ఒకాయన తిన్నగా మా ఇంట్లోకి వచ్చి, చెప్పులు విడిచి, మంచం మీద కూర్చుని, మంచినీళ్లడిగి తాగి, అప్పుడు మా అమ్మ మొహం చూసి కంగారు పడ్డాడు. అమ్మ మాత్రం "పరవాలేదు బాబూ, అన్ని ఇళ్లూ ఒకటే. టీ తాగీసి ఎల్లండి" అంది. ఆయన తాగే వెళ్లాడు.

ఆ ఇంట్లో అద్దమంటే నాన్న గడ్డం గీసుకునే అరచేతంత అద్దమే. కిటికీ ఊచకు వేలాడేది. నేను పదో తరగతిలో ఉండగా పక్క క్వార్టర్ బెంగాలీ మాసీమా వాళ్లకు బదిలీ అయింది. వాళ్ల పాత బీరువాకి చెదలు పట్టింది గాని, దాని తలుపుకున్న నిలువుటద్దం మాత్రం చెక్కుచెదరలేదు. మాసీమా దాన్ని ఊడదీయించి "నాఓ, నాఓ" అని, తీసుకోమంటూ మా వరండాలో పెట్టించి, అమ్మ వద్దనేలోపే వెళ్లిపోయింది. నాన్న దానికి సన్నని చెక్క చట్రం కట్టి, రెండు మేకులకు గొలుసుతో గదిలో వేలాడదీశాడు. అమ్మ దాని ముందు నిలబడి చాలాసేపు చూసుకుంది. "ఓలమ్మ! నా సీర కుచ్చిళ్లు కింద ఇలాగుంటాయేటి? పెళ్లయి ఇన్నేళ్లయినాది, నన్ను నేను పాదాలదాకా ఇప్పుడే సూసినాను" అంది. నాలుగు రోజుల తరవాత ఆవిడకు కొత్త బాధ మొదలైంది. అద్దంలో తను బాగానే ఉంది. తన వెనక ఉన్న గోడే బాగా లేదు. ఆ వెలిసిన, పెచ్చులూడిన రైల్వే గోడ ముందు ఎంత మంచి చీర కట్టినా ఒకటేనని తేల్చేసింది.

"ఆ ఎదర గోడొక్కటీ నీలంగా ఉంటేనా" అని నాన్నతో అంది. "కళింగపట్నంలో మద్దేనం పూట సముద్రం ఉంటాది సూడండి, ఆ రంగు. అద్దంలోకి సూస్తే నా ఎనకాల మా ఊరున్నట్టుంటాది." అమ్మ నోరు తెరిచి ఏదైనా అడగడం నేనెప్పుడూ వినలేదు. నాన్న కూడా వినలేదనుకుంటాను, ఎందుకంటే మర్నాడే గోల్‌బజార్ వెళ్లి ఒక తెల్ల ఎనామెల్ డబ్బా, రెండు మూడు చిన్న సీసాల రంగులు తెచ్చాడు. గోడకు సున్నం సరిపోతుంది కదా అంటే "రంగంటే నూనె రంగే" అన్నాడు. ఆ అభిమానం ఊరికే రాలేదు. నాన్న పనిచేసేది వర్క్‌షాపులో, బోగీలకు రంగులు వేసే షాపులో. బోగీకి రిపేరు చేసిన చోట పాత రంగుకూ కొత్త రంగుకూ తేడా తెలియకుండా కలపడం ఆయన పని. కంటితో చూసి చేత్తో కలిపేయడమే, కొలతలేమీ ఉండవు. సరిగ్గా అప్పుడే బోగీలకు పాత ఎర్ర రంగు పోయి నీలం రంగు వచ్చింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీలమే. అన్నం కలిపే వేళ్ల గోళ్లలో కూడా నీలమే. ఆదివారం పూట వరండాలో కూర్చుని, కర్రపుల్లతో తిప్పుతూ, అమ్మ చెప్పిన సముద్రాన్ని తలుచుకుంటూ కలిపాడు. సాయంత్రానికి గోడంతా వేసేశాడు. ఇల్లంతా టర్పెంటైన్ వాసన. ఆరాక చూస్తే ఏముంది, గోడ గోడంతా బోగీ. కిటికీ ఊచలతో సహా అచ్చం పాసింజర్ బండే.

అమ్మ నవ్వి నవ్వి కూలబడింది. "ఇది మా సముద్రం కాదు. అయినా బాగుంది" అని అద్దం ముందుకు వెళ్లి నిలబడింది. నీలం గోడ ముందు, ముద్ద బంతిపువ్వు రంగు చీరలో, అమ్మ నిజంగానే బాగుంది. ఆ వారం రోజులూ ఏదో ఒక వంకన అద్దం ముందుకు వెళ్లేది. కాని ఊరు ఊరుకుంటుందా? ఎదురింటి మామయ్య గుమ్మంలోంచి తొంగి చూసి, "ఏటి బావా, బోగీని ఇంటికి ఒట్టుకొచ్చీసినావేటి?" అన్నాడు. సరదాకే అన్నాడు. ఆ సరదా నాలుగు లైన్లు తిరిగేసరికి, ఫలానావాడు వర్క్‌షాపు రంగు దొంగతనంగా తెచ్చి ఇంటికి వేసుకున్నాడు అనే మాటైంది. ఎనిమిదో రోజున క్వార్టర్లు చూసుకునే ఇన్‌స్పెక్టర్ మా గుమ్మంలో నిలబడ్డాడు.

నాన్నకు ఆస్తులేమీ లేవు. "ఒక్క చార్జిషీటు లేని సర్వీసు" అని చెప్పుకునే మాట ఒక్కటే ఉంది. దొంగతనమని రాస్తే ఆ మాటా పోతుంది, ఉద్యోగం, ఇల్లు రెండూ పోతాయి. నాన్న మామూలుగానే తక్కువ మాట్లాడే మనిషి. అమ్మే ఖాళీ డబ్బా, సీసాలు తెచ్చి చూపించింది. ఇన్‌స్పెక్టర్ వాటిని చూసి తల అడ్డంగా ఊపాడు. డబ్బాలు ఎవరైనా తెచ్చి పెట్టుకోవచ్చు, బజారు రంగులతో సరిగ్గా ఈ నీలం రానే రాదు అన్నాడు. అప్పటికి వరండా ముందు జనం పోగయ్యారు. అప్పుడు నాన్న హిందీలో ఒక్క మాట అన్నాడు. "సాబ్, మీ మనిషినే గోల్‌బజార్ పంపండి. మీ కళ్ల ముందే కలుపుతాను."

ఇన్‌స్పెక్టర్ వెంట వచ్చిన మనిషి సైకిల్ మీద వెళ్లి డబ్బా, సీసాలు తెచ్చాడు. నాన్న గచ్చు మీద బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. తెల్ల రంగులో నీలం పోసి తిప్పాడు, నలుపు రెండు చుక్కలు వేసి తిప్పాడు, మళ్లీ నీలం. గోడ వైపు ఒక్కసారైనా చూడలేదు. చివరికి పుల్లకున్న రంగును పాత పేపరు ముక్క మీద పూసి ఇన్‌స్పెక్టర్ చేతికిచ్చాడు. ఆయన దాన్ని తీసుకెళ్లి గోడకు ఆనించాడు. దగ్గరగా వంగి చూశాడు. గోడ ఎక్కడ అయిపోయి కాగితం ఎక్కడ మొదలైందో నాకైతే తెలియలేదు. "వేరే రంగు కలపొచ్చు కదయ్యా, ఇదే ఎందుకు కలిపావు?" అని అడిగాడాయన. నాన్న తల దించుకుని, "హాథ్ నహీ మాన్‌తా, సాబ్" అన్నాడు. చెయ్యి మాట వినడం లేదట. ఇన్‌స్పెక్టర్ మొహంలో మొదటిసారి నవ్వు వచ్చింది. దొంగతనం లేదని అక్కడే అందరికీ వినబడేలా చెప్పాడు. కాని గుమ్మం దిగుతూ, "గోడ సర్కారుది. మూడు రోజుల్లో పాత రంగు రావాలి" అని కూడా చెప్పాడు.

నూనె రంగు మీద సున్నం నిలవదు. ఈ సంగతి నాన్నకు తెలిసినంతగా ఊళ్లో ఇంకెవరికీ తెలియదు. తను ముచ్చటపడి వేసిన గోడను తనే మూడు రోజులు గరుకు కాగితంతో రుద్దాడు. అమ్మ ఆ మూడు రోజులూ గదిలోకి రాకుండా వంటింట్లోనే ఉంది. సున్నం నాలుగు పూతలు వేసినా మధ్యలో తలుపంత మేర నీలం కక్కుతూనే ఉంది. ఇంక చేసేదిలేక, అద్దాన్ని అదున్న గోడ నుంచి ఊడదీసి, ఎదర గోడ మీది ఆ మచ్చ మీద వేలాడదీశాడు. అద్దంలో కనబడాల్సిన నీలం అలా అద్దం వెనక్కి పోయింది. ఆ రాత్రి అన్నం పెడుతూ అమ్మ, "నా సరదా మూలాన మీ సర్వీసుకి మచ్చ ఒచ్చీసేది. ఇంక నా నోట రంగు మాట రాదు" అంది. నాన్న తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు. ఏదో ఒకటి అంటే బాగుండునని నాకు ఎంత అనిపించిందో.

అన్న మాటకు అమ్మ కట్టుబడింది. తొమ్మిదేళ్ల తరవాత క్వార్టర్ అప్పగించేటప్పుడు నాన్న ఆ మచ్చను బ్లేడుతో ప్లాస్టరు దాకా గీకేశాడు. ఈ ఇంటికి వచ్చేముందు, "ఇది మన గోడే, ఏ రంగెయ్యమంటావు?" అని అడిగాడు. "ఏటో లెండి, ఆ పాత రంగే ఎయ్యండి, అలవాటైపోనాది" అంది. సొంత ఇంటికి రైల్వే రంగు వేసుకున్నది సుభాష్‌పల్లి మొత్తానికి మేమే అయ్యుంటాం. గృహప్రవేశం ముందు రోజున నాన్న "అద్దం నేను తగిలిస్తాను, మీరు బజారెల్లి రండి" అని మమ్మల్ని సాగనంపాడు. తిరిగొచ్చేసరికి అద్దం గోడ మీద ఉంది. ఏటా పనిముట్లకు చేసే విశ్వకర్మ పూజ నాడు నాన్న వర్క్‌షాపు అలవాటు కొద్దీ తన పాత బ్రష్‌లకు బొట్టు పెట్టుకునేవాడు. అమ్మ కత్తిపీటకు, కుట్టుమిషనుకు, అద్దానికి పెట్టేది. అద్దం మాత్రం ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. "పగిలిపోద్ది, మీకు తెలీదు" అని తనే కిందంచు కొంచెం పైకెత్తి, వెనక దుమ్ము తుడిచేది. నాన్న పోయి ఆరేళ్లు. అమ్మ పోయినేడు వెళ్లిపోయింది. ఆ తరవాత అద్దాన్ని కదపడానికి నాకు చేతులు రాలేదు.

దాదా టీ తాగడం అయిపోయింది. చివరికి "సరే, నెమ్మదిగా" అన్నాను. అటు దాదా, ఇటు అమ్మాయి పట్టుకుని దించారు. దాని వెనక, సరిగ్గా చట్రం కొలతకు లోపలగా, నిగనిగలాడుతూ నీలం. అచ్చం అదే బోగీ నీలం. ఆ రోజు మమ్మల్ని బజారుకు ఎందుకు పంపాడో అప్పుడర్థమైంది. ఆయన అమ్మకు చెప్పకుండా వేశాడు. ఆ నీలం కిందంచున వరసగా కుంకుమ బొట్లున్నాయి. ఏడాదికొకటి. పాతవి రాలిపోయి పసుపు మరకలే మిగిలాయి, కొత్తవి ఇంకా ఎర్రగానే ఉన్నాయి. చివరివి వంకరగా ఉన్నాయి. అమ్మ చెయ్యి వణకడం మొదలైంది నాన్న పోయాకే. ఆవిడకు మొదటి ఏడాదే తెలిసిపోయిందన్నమాట. తెలిసిన సంగతి ఆయనకు చెప్పిందో లేదో నాకు తెలియదు. నాకైతే ఇద్దరూ చెప్పలేదు. ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. దాదా ముందు కళ్లు తుడుచుకోవడం ఇష్టంలేక ఉల్లిపాయలు తరగడానికి వెళ్లాను.

అద్దం వెనక దేన్నీ ముట్టుకోవద్దన్నాను. ఎదర గోడకు మాత్రం ఆ నీలమే వెయ్యమన్నాను. దాదా తన రంగుల పుస్తకమంతా తిరగేశాడు, అమ్మాయి ఫోనుతో ఫోటో తీసి చూసింది. ఎందులోనూ ఆ నంబరు లేదు. ఇప్పుడు బోగీలకు కూడా ఆ రంగు అరుదైపోయింది. దాదా పంతం పట్టి మూడుసార్లు కలిపాడు. మూడోసారి కాస్త పచ్చదనం ఎక్కువై, మరీ లేతైపోయింది. "సారీ దీదీ, ఇది కలవలేదు" అన్నాడు. నేను చూశాను. నాన్న నీలం కాదది. కళింగపట్నంలో మధ్యాహ్నం పూట ఉండే రంగు. "ఠీక్ హై దాదా, ఇదే వేసెయ్" అన్నాను.

నిన్నటికి ఆరింది. అద్దం మళ్లీ వేలాడదీసే ముందు, వెనక ఆ వరసలో చివరి బొట్టు పక్కన ఒక బొట్టు పెట్టాను. తరవాత దాని ముందు నిలబడితే నా వెనక సముద్రం ఉంది. అమ్మ అడిగిన రంగు అమ్మ వెనక్కి రావడానికి ముప్పై ఏళ్లు పట్టింది. ఆవిడే ఒక్క ఏడాది ముందుగా అద్దం ముందు నుంచి పక్కకు తప్పుకుంది.