నోరు నొక్కిన రిలే

ఆయన లిఫ్టు మెకానిక్కు. ఇరవయ్యేడేళ్ళుగా అదే పని. ఆయనకు బీపీ తెచ్చిపెట్టింది లిఫ్టులు కాదు, వాటిలో తిరిగే మనుషులు. తలుపు మూసుకోకుండా చెప్పు అడ్డం పెడతారు. నలుగురెక్కే పెట్టెలో బీరువాతో సహా ఏడుగురెక్కుతారు. అన్నిటికన్నా ఆయనకు ఒళ్ళు మండేది అలారం గంటలో గుడ్డలు కుక్కితే. ఏ మేడకెళ్ళినా ఏదో ఒక గంట నోట్లో పాత బనీనో, చేతిరుమాలో ఉండేది.

"రోజంతా మోగుతోందండీ, చెవులు చిల్లులు పడుతున్నాయి" అనేవాడు వాచ్‌మన్.

"ఎందుకు మోగుతోందో చూడాలని తోచలేదా? నోరు నొక్కేస్తే రోగం తగ్గిపోతుందా?" అని ఈయన అంతెత్తున లేచేవాడు. ఇంటికొచ్చి ఆ సంగతే భార్యకు చెబుతూ ఇంకోసారి లేచేవాడు.

అలాంటి మనిషిని అగ్గిపెట్టెలో సగం కూడా లేని నీలం డబ్బా ఒకటి మూడు చెరువుల నీళ్ళు తాగించింది.

ఆయన భార్య పెరట్లో చుక్కల కోడిపెట్టనొకదాన్ని పెంచుకునేది. ఆరేళ్ళుగా ఆమె ఎక్కడుంటే అదక్కడే, పిలిస్తే పలికేది. పక్కింటి పుంజు పుణ్యమా అని తొమ్మిది గుడ్లు పొదగడానికి కూర్చుని, నాలుగో రోజు మేతకు బయటికొచ్చి కుక్క నోట పడింది. ఆమె ఆ గుడ్లను దుప్పటిలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది.

"అదెలాగూ పోయింది. దాని పిల్లలన్నా నాకు దక్కాలండీ. చల్లబడిపోకముందే ఏదన్నా చెయ్యండి."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె నోరు తెరిచి ఇది కావాలని అడగడం ఆయన వినలేదు. ఖాళీ దొరికితే రాసిపెట్టిన ప్రోగ్రాం ప్రకారం నడిచే చిన్న చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డులతో కుస్తీ పట్టడం ఆయనకు కొత్తగా పట్టుకున్న పిచ్చి. వెంటనే ఒక థర్మాకోల్ పెట్టె తెచ్చి, రెండు బల్బులు బిగించి, వేడి కొలిచే సెన్సరు పెట్టాడు. వేడి తగ్గితే బల్బులు వెలగాలి, పెరిగితే ఆరాలి. బోర్డు ఇచ్చే చిటికెడు కరెంటుకు బల్బు వెలగదు గనక మధ్యలో ఆ నీలం డబ్బా, అంటే రిలే మాడ్యూల్, పెట్టాడు. బోర్డు చెబితే లోపలి మీట టిక్కుమని కలుస్తుంది, మళ్ళీ చెబితే టిక్కుమని విడిపోతుంది.

విడిపోతుందని ఆయన అనుకున్నాడు. తీరా చూస్తే, వెలగమంటే ఆరింది, ఆరమంటే వెలిగింది. లిఫ్టు గదుల్లో ఇటుకంత రిలేలు ఆయన మాట జవదాటవు. ఇదేమో వేలెడంత లేదు, అంతా ఎదురే.

"దీనికన్నీ మీ అమ్మ పోలికలే" అన్నాడు భార్యతో.

"నాకు వినబడుతోంది నాయనా" అంది పక్క గదిలోంచి అత్తగారు.

ఆ మాడ్యూల్ తీరే అంత, సున్నా పంపితే కలుస్తుంది, ఒకటి పంపితే విడుతుంది. అది తెలుసుకుని ప్రోగ్రాంలో రెండు లైన్లు తిరగరాసేసరికి ఆయన తల ప్రాణం తోకకొచ్చింది. బల్బులు వెలిగాయి, వేడి గుడ్లకు కావలసిన ముప్పై ఏడున్నర డిగ్రీలకు చేరింది. ఇక టిక్కుటిక్కు మొదలైంది. వేడి వెంట్రుకవాసి పెరిగితే టిక్కు, వెంట్రుకవాసి తగ్గితే టిక్కు. నిమిషానికి ఇరవైసార్లు, ముప్పైసార్లు.

మంచం దిగలేని అత్తగారు అది వింటూ పడుకోవాలి. ఆవిడ ఊరుకునే రకం కాదు, చెవిన ఇల్లు కట్టుకుని పోరింది.

"ఏం నాయనా, అదేం గోల? ఎవరో తలుపు కొడుతున్నట్టే ఉంటుంది. లోపలికీ రాడు, పోనూ పోడు. గడియారానికైనా ఒక లెక్కుంటుంది. దానికేదో బాగోలేదు, చూడు."

"అది అలాగే మోగుతుందత్తయ్యా. మీకు తెలియదు."

"నాకు తెలియదులే. చూడు."

పొదుగు మొదలైన పన్నెండో రోజుకు ఆయన ఓపిక అయిపోయింది. రిలేను ఒక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, చుట్టూ స్పాంజి కుక్కి, మూత బిగించాడు. ఇల్లు సద్దుమణిగింది. "బతికించావు నాయనా" అంది అత్తగారు.

పదిహేనో రోజు మధ్యాహ్నం, తేమ కోసం గిన్నెలో నీళ్ళు పోద్దామని భార్య పెట్టె మూత తీసి కెవ్వుమంది. సెగ ముఖానికి కొట్టింది. లోపల నలభై రెండు డిగ్రీలు. బోర్డు ఆరమనే చెబుతోంది, బల్బులు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి. ఆయన పరుగున వచ్చి ప్లగ్గు పీకి స్పాంజి లాగాడు. అన్నన్నిసార్లు కొట్టుకుని కొట్టుకుని లోపలి మీట మాడి అతుక్కుపోయింది.

గుడ్లను ఒక్కొక్కటే టార్చి మీద పెట్టి చూశారు. ఏడింటిలో చలనం లేదు. రెండింటిలో మాత్రం నీడ కాస్త కదిలింది. ఆమె ఏడవలేదు, తిట్టలేదు.

"ఇది టిక్కుమనడం ఎప్పుడు మానేసిందండీ?" అని మాత్రం అడిగింది.

ఆయనకు తెలియదు. చేతిలో స్పాంజి ఉంది. అత్తగారు చెప్పిన జబ్బే అది. వేడి కాస్త అటూ ఇటూ అయినా ఓర్చుకోమని ప్రోగ్రాంలో చిన్న తేడా పెట్టి ఉంటే రిలే అంతలా కొట్టుకునేది కాదు, మాడేదీ కాదు. అయిదు నిమిషాల పని. అది మానేసి నోరు నొక్కాడు. ఇన్నేళ్ళుగా తను తిట్టిన వాచ్‌మన్లందరూ గుర్తొచ్చి ఆయనకు తల ఎత్తుకోలేనంత సిగ్గేసింది.

కొత్త రిలే వేశాడు, ప్రోగ్రాం సరిచేశాడు. ఇప్పుడది రెండు నిమిషాలకోసారి తాపీగా టిక్కుమంటోంది. పెట్టెను తెచ్చి అత్తగారి మంచం పక్కనే పెట్టాడు.

"అత్తయ్యా, ఇది టిక్కుమనకపోతే నన్ను పిలవండి."

ఆవిడ ఆ ఉద్యోగాన్ని నెత్తికెత్తుకుంది. "నాయనా, లేటయింది." "నాయనా, ఇందాకటి కన్నా మెల్లగా అంది." భోజనంలో ఉంటే పిలుపు, స్నానంలో ఉంటే పిలుపు. ఆయన పళ్ళు నూరుకుంటూ ప్రతిసారీ వెళ్ళి చూసేవాడు. ప్రతిసారీ అంతా బాగానే ఉండేది.

ఇరవై ఒకటో రోజు పొద్దున యూనిఫాం బొత్తాలు పెట్టుకుంటూ ఉండగా మళ్ళీ పిలుపు.

"నాయనా, లెక్క తప్పింది. మళ్ళీ పాత గోల మొదలెట్టింది."

"లెక్క తప్పదత్తయ్యా, నేను..." అని, మీకు తెలియదు అనబోయి మింగేసుకున్నాడు. విసుక్కుంటూనే వెళ్ళి వంగి చూశాడు. బల్బులు నిలకడగా వెలుగుతున్నాయి. రిలే కదల్లేదు. అయినా టిక్కుమంది. కాస్త ఆగి మళ్ళీ టిక్కు, టిక్కు.

ఆయన గుడ్ల పెట్టె మూత మీద చెవి ఆనించాడు. భార్య చేతిలో గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది.

"మళ్ళీ ఏమైందండీ?"

"మీ అమ్మ చెప్పింది నిజమే" అన్నాడు. "ఎవరో తలుపు కొడుతున్నారు."